పిన్ని కొలతల ఇల్లు

మా పిన్ని పొట్టిది. ఆ మాట ఆమె అనవచ్చు, ఇంకొకరు అనకూడదు. "నన్ను కత్తిరించే వేళకి బట్ట అయిపోయింది, ఉన్నదాంట్లో సర్దేశారు" అని తనే జోకు వేస్తుంది. విన్నవాళ్లు నవ్వాలి, కానీ ఎక్కువసేపు నవ్వకూడదు.

దుస్తుల ఫ్యాక్టరీలో ఆమె కటింగ్ మాస్టర్. పొడుగాటి బల్ల మీద బట్టను పొర మీద పొరగా పరుస్తారు. దానిపైన నమూనా పెట్టి గీత గీసి, గీత వెంట కోత యంత్రాన్ని నడిపిస్తారు. చెయ్యి ఒక్కచోట వణికితే పాడయ్యేది ఒక చొక్కా కాదు, పరిచిన చొక్కాలన్నీ. అందుకే పిన్ని కొలతల విషయంలో ఎవరినీ నమ్మదు. ఆ బల్ల ఆమెకు ఎత్తు. దాని పక్కన ఒక చెక్కపీట వేసుకుని, దాని మీద నిలబడి పని చేసేది. బస్సులో కడ్డీ అందదు. బ్యాంకులో కౌంటరు గడ్డం దాకా వస్తుంది. నేల మీద పూర్తి పాదం మోపి ఆమె నిలబడగలిగిన చోటు ఒకటే, తన ఇల్లు.

అది రెండో అంతస్తులో చిన్న ఫ్లాటు. కొన్నప్పుడు లోపల గోడలు తప్ప ఏమీ లేవట. "ఇల్లు కట్టి చూడు అంటారు కానీ, నేను ఇల్లు కుట్టి చూశా" అనేది పిన్ని. వంటగట్టు తన మోచేతికి నాలుగు వేళ్లు కిందకి వచ్చేలా కట్టించింది. అలమరాలో పై అర చెయ్యి చాచితే అందుతుంది. తలుపులో బయటివాళ్లను చూసే కన్నం, అద్దం, స్విచ్చులు అన్నీ ఆమె కొలతకే. చదువు కోసం రెండేళ్లు వాళ్లింట్లో ఉన్న నేను ఆ కన్నంలోంచి చూడాలంటే వంగాల్సి వచ్చేది. బాబాయ్ లిఫ్టు మెకానిక్, మంచి పొడగరి. ఆ గట్టు దగ్గర నిలబడితే నడుం పట్టేస్తుందని పెళ్లయిన కొత్తలోనే తేల్చేసి, వంటింటి నుంచి పూర్తిగా తప్పించుకున్నాడు.

ఆ ఏడు ఫ్యాక్టరీవాళ్లు వేరే నగరంలో కొత్త శాఖ తెరిచారు. అక్కడి కటింగ్ విభాగానికి హెడ్‌గా వెళ్లమని పిన్నిని అడిగారు. ఇంటికొచ్చి చెప్పినప్పుడు ఆమె ముఖం వెలిగిపోతోంది. బాబాయ్‌కి పేచీ లేదు. "లిఫ్టులు ఎక్కడైనా పాడవుతాయి, పద" అన్నాడు. పేచీ వచ్చింది ఇంటి దగ్గరే.

"అమ్మేద్దాం" అన్నాడు బాబాయ్. "అద్దెకిచ్చావంటే నువ్వక్కడ, నీ ప్రాణం ఇక్కడ."

"అమ్మితే ఇంకేముంది, అయిపోయింది" అంది పిన్ని. "అద్దెకిస్తే ఇల్లు మనదేగా. వాళ్లు ఊరికే చూసుకుంటూ ఉంటారు, పక్కింటి పిల్లని కాసేపు ఎత్తుకున్నట్టు."

"ఎత్తుకున్నవాళ్ల దగ్గర ఆ పిల్ల నవ్విందంటే నువ్వూరుకుంటావా?"

"ఎందుకు నవ్వుతుంది?" అంది పిన్ని.

మొదట వచ్చినవాళ్లను చూస్తే నవ్వదనే నమ్మకం ఆమెకు బాగా కుదిరింది. భార్యాభర్తలిద్దరూ నిచ్చెనల్లా ఉన్నారు. భర్త స్నానాల గదిలోకి వెళ్తూ తలుపు పై చట్రానికి ఠంగున తల కొట్టుకున్నాడు. "జాగ్రత్తండీ" అంది పిన్ని, దెబ్బ తగిలాక. భార్య వంటగట్టు ముందు నిలబడి, వంగి, నడుం మీద చెయ్యేసుకుంది. వాళ్లు వెళ్లాక పిన్ని ఎంతో తృప్తిగా, "పాపం, నెల తిరక్కుండా నడుములు పడిపోతాయి" అంది. కానీ ఆ నిచ్చెనలు అద్దెకు అడగలేదు. మర్నాడు వచ్చి కొంటామన్నారు. కొని, వంటింటికీ హాలుకీ మధ్య గోడ కొట్టేసి, అంతా మళ్లీ కట్టించుకుంటామన్నారు. పిన్ని చూద్దాంలెండి అని పంపేసింది.

ఆ తరవాత వచ్చింది మందుల షాపు అమ్మాయి.

మా వీధి చివరే ఆ షాపు. ఆమె అక్కడ కౌంటర్లో పని చేస్తుంది. అమ్మతో కలిసి ఉండటానికి ఇల్లు వెతుకుతోంది. లోపలికి వచ్చి, హాలు చూసి, గది చూసి, వంటింట్లోకి వెళ్లి గట్టు మీద రెండు అరచేతులూ ఆనించి అలాగే నిలబడిపోయింది.

"ఏమ్మా, ఏమైనా బాగాలేదా?" అంది పిన్ని. ఆ గొంతులో కొంచెం ఆశ ఉంది.

"లేదక్కా. భుజాలు కిందకి దిగాయి" అంది ఆ అమ్మాయి. "నాకెప్పుడూ చెవుల దాకా ఉంటాయి."

తరవాత చెయ్యి చాచి పై అరలోంచి స్టీలు డబ్బా ఒకటి తీసింది. మునివేళ్ల మీద లేవలేదు, పక్కకి ఒరగలేదు. తీసిన డబ్బాను మళ్లీ అదే చోట, అదే వైపు తిప్పి పెట్టేసింది. నేను పిన్ని ముఖం చూశాను. ఫ్యాక్టరీలో తన కత్తెరను ఇంకొకరు ముట్టుకున్న రోజు ఇంటికి ఎలాంటి ముఖంతో వచ్చిందో అదే ముఖం.

అప్పుడే ఎదురు ఫ్లాటు నర్సు అత్త వచ్చింది. ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. పిన్నీ ఆవిడా ఒకరినొకరు వదినా అని పిలుచుకుంటారు. ఒకరింట్లో పంచదార అయిపోతే ఇంకొకరికి ముందు తెలుస్తుంది. ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయి, "అయ్యో, వెనకనించి చూసి నువ్వే అనుకున్నా వదినా. అచ్చం నువ్వే. ఇంకో నాలుగు ఇంచులు కలిపితే ఇద్దరూ కలిసి ఒక మనిషి అవుతారు" అంది. ఆ అమ్మాయి నవ్వేసింది. నర్సు అత్తా నవ్వింది. "ఇంక నువ్వెళ్లినా నాకు బెంగ లేదు" అని కూడా అంది.

ఆ చివరి మాటను పిన్ని చాలా రోజులు క్షమించలేదు.

ఆ సాయంత్రమే ఆ అమ్మాయికి "చిటికెనవేలు" అని పేరు పెట్టింది. తను కూడా దాదాపు ఆ వేలి పక్కనే ఉంటానన్న సంగతి ఆమెకు తట్టలేదు.

"ఇల్లు మరీ నచ్చింది దానికి" అంది బాబాయ్‌తో. "అంత నచ్చకూడదు."

"నచ్చితే మంచిదేగా. బాగా చూసుకుంటుంది."

"అదే నా బాధ. బాగా చూసుకుంటే?"

బాబాయ్ చేతిలో స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు. "చూసుకుంటే ఏమవుతుంది?"

"మనం తిరిగొచ్చేసరికి ఈ ఇల్లు నన్ను గుర్తుపట్టదు."

బాబాయ్ నవ్వాలా వద్దా అని నావైపు చూశాడు. నేను పుస్తకంలో తల దూర్చాను.

మర్నాటి నుంచి కష్టాలు పెరిగాయి. ఆ అమ్మాయి షాపు మూసి వెళ్తూ నర్సు అత్తకు బీపీ మాత్రలు ఇంటికే తెచ్చిచ్చింది. నర్సు అత్త ఆమెను మేడ మీదకి తీసుకెళ్లి, పిన్ని తనకు అందేలా కిందగా కట్టుకున్న బట్టల తాడు చూపించి, ఇది నీకు అతికినట్టు సరిపోతుంది అని చెప్పింది. ఈ సమాచారమంతా నర్సు అత్తే వచ్చి పూసగుచ్చినట్టు చెప్పింది.

"ఎంత మంచి పిల్లో వదినా. అడక్కుండానే తెచ్చింది మాత్రలు."

"ఇన్నాళ్లూ నేను తేలేదా?"

"తెచ్చావు. కాదన్నానా? నువ్వు తెచ్చినప్పుడు మెట్లెక్కలేక చచ్చానని సణిగేదానివి. ఆ పిల్ల సణగలేదు."

"కొత్తలో ఎవరూ సణగరు."

"నువ్వు కొత్తలోనే సణిగావు" అంది నర్సు అత్త, టీ కప్పు కింద పెట్టి.

కాదని చెప్పడానికి మంచి కారణం ఒక్కటీ దొరకలేదు పిన్నికి. ఆ అమ్మాయికి ఉద్యోగం ఉంది, నెమ్మదస్తురాలు, ఇల్లు నడిచే దూరం, మాట మర్యాద. దొరక్కపోయేసరికి ఆమె చేసిన పని ఇప్పటికీ మా ఇంట్లో చెప్పుకుంటారు. మేస్త్రీని పిలిచి, వంటగట్టు పగలగొట్టి ఎత్తు చేయించింది.

"ఎంత ఎత్తాలమ్మా?" అన్నాడు మేస్త్రీ.

"మగాడు నిలబడి పని చేసుకునేంత."

"మగాళ్లు నిలబడి పని చేసే వంటిల్లు నేనింకా కట్టలేదమ్మా. కొలత తెలీదు."

"ఇదిగో, ఈయన మోచెయ్యి చూసి కట్టు" అని బాబాయ్‌ని ముందుకు తోసింది.

మేస్త్రీ ఆమెను పైనుంచి కిందకి చూశాడు. చూడటానికి ఎక్కువసేపు పట్టలేదు. "మరి మీకు?"

"నాకెందుకు? అద్దె ఇల్లన్నాక అందరికీ పనికిరావాలి. ఫ్రీ సైజు."

ఫ్రీ సైజు అంటే ఎవరికీ సరిపోనిది అని ఇన్నేళ్లూ చెప్పింది పిన్నే. ఆ మాట గుర్తు చేయడానికి మాకెవరికీ ధైర్యం చాలలేదు. ఒక్క ఇల్లు ఒక్క మనిషికి సరిపోకుండా చేయడానికి, ఆ పనిలో ఆరితేరిన కటింగ్ మాస్టర్ తన నమూనా తనే చింపేసుకుంది.

గట్టు లేచింది. కానీ కొత్త ఊరికి వెళ్లడానికి ఇంకా నెలన్నర ఉంది. ఆ నెలన్నరా అందులో ఉండాల్సింది మేమే అన్న సంగతి, సిమెంటు ఆరాక గానీ ఆమెకు తోచలేదు. ఉల్లిపాయ తరగబోతే కత్తి ఛాతీ ఎత్తున ఉంది. పొయ్యి మీద గిన్నెలో ఏముందో కనిపించలేదు, వాసన చూసి కలిపింది. మూడో రోజుకి ఫ్యాక్టరీ నుంచి ఒక పాత చెక్కపీట ఇంటికొచ్చింది. బయట ప్రపంచంలో నిలబడినట్టే ఇంట్లోనూ ఆమె పీట ఎక్కి నిలబడింది.

బాబాయ్ మాత్రం అటుగా వెళ్తూ గట్టు మీద చెయ్యేసి, "బాగుందే, నడుం వంచక్కర్లేదు" అని నోరు జారాడు.

"అవునా? అయితే ఇవాళ్టి నించి వంట మీదే" అంది పిన్ని.

నడుం నొప్పి అనే పాత సాకు గట్టుతోపాటే పగిలిపోయింది. ఆయన ఆ నెలన్నరా వండాడు. మేము తిన్నాం. నర్సు అత్త ఒకరోజు రుచి చూసి, "ఎవరి మీదకి విసిరావు వదినా ఈ రాయి, ఎవరికి తగిలింది?" అంది.

"నాకేం తగల్లేదు" అంది పిన్ని, పీట మీద నుంచి.

ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది, మాట ఖాయం చేసుకుందామని. ఈసారి తల్లిని వెంటబెట్టుకొచ్చింది. "చూడమ్మా, నేను చెప్పానే" అంటూ తల్లి చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్లి, గట్టు ముందు ఆగిపోయింది. కొత్త సిమెంటు ఇంకా రంగు తేలలేదు. ఆమె ఒకసారి గట్టునూ, ఒకసారి పీటనూ, ఒకసారి పిన్నినీ చూసింది. ఎంత అర్థమైందో తెలియదు.

"ఎత్తు చేయించారా అక్కా?"

"అందరికీ పనికొస్తుందని."

"మంచిదే" అంది ఆ అమ్మాయి. కొంచెం ఆగి, "మా ఇంట్లోనూ ఇంతే ఎత్తు. అలవాటే" అంది. భుజాలు మళ్లీ పైకి లేచాయి. లేచినట్టు నాకూ కనిపించింది, పిన్నికీ కనిపించింది. తరవాత పిన్ని నాతో, "అయినా ఉంటానందే. చూశావా, ఎంత మొండిదో" అంది. అది కోపంగా అనాలనుకుంది గానీ కోపం సరిగ్గా అంటుకోలేదు. ఆ రోజూ ఆ అమ్మాయికి అవుననలేదు, కాదనలేదు. కొత్త ఊరు వెళ్లొచ్చి చెప్తానంది. వెళ్తూ వెళ్తూ మెట్ల దగ్గర ఆ అమ్మాయి, "ఒకవేళ అమ్మే ఆలోచన వస్తే ముందు మాకు చెప్పండక్కా. అమ్మ పేరు మీద, నా పేరు మీద బ్యాంకువాళ్లు లోను ఇస్తామన్నారు" అంది.

"అమ్మం" అంది పిన్ని, అడిగిన ప్రశ్న పూర్తి కాకముందే.

కొత్త నగరంలో అద్దెకు ఇల్లు చూసుకోవడానికి ముగ్గురం వెళ్లాం. చూసిన ఇళ్లలో ఒకటి పిన్ని కొత్త ఫ్యాక్టరీకి దగ్గర, వెలుతురున్నది. ఇంటి ఓనరావిడ కింద వాటాలో ఉంటుంది. పై వాటాలో తను పదేళ్లు ఉండి, మోకాళ్ల నొప్పులకి కిందకి దిగిందట. తాళం తీసి మాకంటే ముందు తనే లోపలికి వెళ్లింది. ఒక్కొక్క గోడనూ తడుముతూ నడిచింది.

"ఈ మూల నేను కుర్చీ వేసుకునేదాన్ని. మీరిక్కడ బీరువా పెట్టకండి."

"సరేనండీ" అన్నాడు బాబాయ్.

"ముందున్నావిడ ఈ కిటికీకి పసుప్పచ్చ పరదా కట్టింది. పరదా దానిదే, కాదన్ను. కానీ వీధిలోంచి వచ్చేటప్పుడు తలెత్తకుండా వచ్చేదాన్ని, చూడలేక."

"చెప్పలేకపోయారా?" అన్నాను నేను.

"చెప్పా. తీసేసి ఆకుపచ్చది కట్టింది." ఆవిడ గొంతు తగ్గించింది. "ఆకుపచ్చది ఇంకా బాగుంది. అది మరీ కష్టమైపోయింది."

వంటింట్లో ఆవిడ కుళాయి తిప్పి, కట్టేసి, తుడిచింది. "పైన ఎవరు ఏ గదిలో నడుస్తున్నారో నాకు కింద తెలిసిపోతుంది. రాత్రి ముందున్నావిడ ఇక్కడ నిలబడి ఏదో పాడుకుంటూ గిన్నెలు కడిగేది. నేను పాడినన్నాళ్లూ ఎవరూ వినలేదు. అది పాడితే మా ఆయన టీవీ సౌండు తగ్గించేవాడు." ఇది చెప్పి నవ్వింది. మేమూ మర్యాదకి నవ్వాం. పిన్ని నవ్వలేదు. ఆవిడ చేతినే చూస్తోంది. ఆ చెయ్యి ఇంకా కుళాయి మీదే ఉంది.

తిరుగు బస్సెక్కాం. పిన్ని ముందు సీటు కడ్డీ అందక సంచి గట్టిగా పట్టుకుని కూర్చుంది.

"పాపం, ఎంత కడుపుమంటో చూశారా ఆవిడకి?" అంది.

"చూశా" అన్నాడు బాబాయ్. "రెండు ఊళ్లలోనూ చూశా."

పిన్ని కిటికీలోంచి బయటకి చూసింది. "నేను ఆవిడంత కాదు."

"ఇంకా కాదు."

"ఫోన్ చేసి పరదా ఏ రంగు కట్టారని అడుగుతానా నేను?"

"అడుగుతావు."

"మొగుడన్నాక, అబద్ధమైనా ఆడొచ్చుగా."

"వంట కూడా నేనే చేస్తున్నా, అబద్ధాలు కూడా నేనే ఆడాలా?"

నేను ముందు సీట్లో ఉన్నాను. వెనక్కి తిరగలేదు. వెనకనించి పిన్ని గొంతు వినిపించింది. "అమ్మేద్దాం."

"ఎవరికి? ఆ నిచ్చెనలకా? వాళ్లయితే గోడలు కూడా ఉంచరు. నీకు శాంతి."

నేను ఆమె ఒప్పుకుంటుందనే అనుకున్నాను. నాకు దక్కనిది నేలమట్టం కావాలి అనేంత మంట ఆమెలో ఉందని నాకు తెలుసు. బహుశా ఆమెకూ తెలుసు. ఆమె మనసులో గోడ ఒకటికి రెండుసార్లు కూలి ఉంటుంది.

"వాళ్లకి ఆ ఇల్లు ఏమీ కాదండీ" అంది. "నాకు కుళ్లు పుట్టించేంత కూడా ఏమీ కాదు. దానికే ఇద్దాం. చిటికెనవేలుకి."

"అమ్మితే మాత్రం కుళ్లు పోతుందా?"

"పోదు. అడిగే హక్కు పోతుంది."

మర్నాడు పిన్ని ఫ్యాక్టరీకి వెళ్తూ మందుల షాపు ముందు ఆగి, లోపలికి కూడా అడుగుపెట్టకుండా, "అమ్ముతున్నాం. కొంటారా?" అని అడిగి, జవాబు విని, ముఖం చిట్లించుకుని వెళ్లిపోయిందని నర్సు అత్త చెప్పింది. నర్సు అత్త అక్కడే మాత్రలు కొంటోంది.

కాగితాల పనులన్నీ అయ్యాయి. సామాను లారీకి ఎక్కించిన రోజు ఆ అమ్మాయీ తల్లీ తాళాల కోసం వచ్చారు. ఖాళీ గదుల్లో మాటలు పెద్దగా వినిపిస్తున్నాయి. పిన్ని ఒక్కొక్కటీ చూపించింది. నీళ్ల మోటారు స్విచ్చు ఇది, వర్షానికి ఈ కిటికీ ముందు మూయాలి, ఎదురింటావిడ మాట్లాడితే మధ్యలో లేవలేరు. నర్సు అత్త గుమ్మంలో నిలబడి ముక్కు తుడుచుకుంటూ, "అదీ చెప్పేశావా" అంది.

"సోమవారం మేస్త్రీని పిలుస్తున్నామక్కా, గట్టు దింపడానికి" అంది ఆ అమ్మాయి, కాస్త భయంగా.

"ఆ మేస్త్రీ వద్దు" అంది పిన్ని. "అడిగిందల్లా చేస్తాడు. బుర్ర లేదు."

ఆ అమ్మాయి నవ్వకుండా ఆపుకుంది. "ఎప్పుడైనా ఇటొస్తే తప్పకుండా రావాలి."

"రాను" అంది పిన్ని. అది కోపం కాదు. రాలేనని చెప్పడానికి ఆమెకు తెలిసిన మాట అదొక్కటే.

పిన్నీ నర్సు అత్తా ఒకరినొకరు పట్టుకుని కాసేపు ఏడ్చారు. మెట్లు దిగుతూ పిన్ని నా చెయ్యి గట్టిగా పట్టుకుని, చెవిలో, "ఒక్కటి చెప్పలేదు అమ్మడూ" అంది. "బాల్కనీ తలుపు. రెక్కని కొంచెం పైకెత్తి, మోకాలితో తొయ్యాలి. లేకపోతే గడియ పడదు. నాకే ఆర్నెల్లు పట్టింది కనుక్కోవడానికి." ఆమె కళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి, కానీ వాటిలో ఒక మెరుపు ఉంది. "తిప్పలు పడనీ. అదైనా నా దగ్గర ఉండనీ."

కింద లారీ బయల్దేరింది. బాబాయ్ ఆటో పిలిచాడు. పిన్ని ఒక కాలు ఆటోలో పెట్టి తల పైకెత్తింది. బాల్కనీలో ఆ అమ్మాయి కనిపించింది. చెయ్యి ఊపింది, లోపలికి వెళ్లి తలుపు లాగింది. రెక్క ఇరుక్కున్న చప్పుడైంది. పిన్ని ఊపిరి బిగబట్టింది. ఒక్క క్షణం ఏమీ లేదు. తరవాత చిన్నగా దబ్‌మని, ఆ వెంటనే టకామని గడియ పడింది.

పిన్ని ఆటోలో కూర్చుంది. వీధి మలుపు తిరిగేదాకా సంచి పట్టీ మెలిపెడుతూనే ఉంది.

"ఏమైంది?" అన్నాడు బాబాయ్.

"ఏం లేదు. దానికి ఆర్నెల్లు పట్టలేదు."

"మంచిదేగా."

"మంచిదే" అంది పిన్ని. "అందుకే ఒళ్లు మండిపోతోంది."